జెద్దా సముద్రం వెంట నాలుగు శుక్రవారాలు

మా ఇంటి నుంచి సముద్రం కారులో పన్నెండు నిమిషాలు. జెద్దా వచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ పన్నెండు నిమిషాల దారిలో నేనెప్పుడూ ఒంటరిగా వెళ్ళలేదు. వారాంతం రాత్రి మావారు కారు తీస్తే పాపా నేనూ వెనక సీట్లో. కార్నిష్ మీద ఎక్కడో పార్కింగ్ దొరికితే దిగి, చాప పరుచుకుని, పులిహోర డబ్బా విప్పుకుని, పదకొండు దాటాక తిరిగి ఎక్కేయడం. జెద్దాలో సముద్రం చూశావా అని ఎవరైనా అడిగితే చూశాననే చెప్పేదాన్ని. నిజానికి నేను చూసింది కారు అద్దాన్ని.

మొన్న ఎండాకాలం ఇంట్లో ఒక నిర్ణయం జరిగింది. పాప ఎనిమిదో తరగతి. తొమ్మిది నుంచి విశాఖలో చదివించాలనీ, పరీక్షలయ్యాక మార్చిలో పాపా నేనూ వెళ్ళిపోవాలనీ, మావారు ఇక్కడే ఉండాలనీ అనుకున్నాం. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కథ కాదు. 2017 జూలైలో కుటుంబ సభ్యుల మీద నెలకు తలా 100 రియాళ్ళ ఫీజు మొదలైంది. ఏటా 100 చొప్పున పెరిగి 2020కి 400 అయింది. ఆ మూడేళ్ళలో మా తెలుగు వాట్సాప్ గ్రూపులోంచి ఎన్ని కుటుంబాలు ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోయాయో లెక్కలేదు. అప్పుడు వాళ్ళని విమానాశ్రయంలో సాగనంపిన నేను ఇప్పుడు అదే వరుసలో నిలబడ్డాను.

సర్దాల్సిన సామాను జాబితా రాస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. తొమ్మిదేళ్ళు ఉన్న ఊరిని ఒక్కసారైనా కాళ్ళతో చూడకుండా వెళ్ళిపోతున్నానేమిటి? విశాఖలో మా నాన్నగారు ఇప్పటికీ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడుస్తారు. ఆ వేళకి అక్కడ వాహనాలు ఆపేసి రోడ్డు నడిచేవాళ్ళకి వదిలేస్తారు. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని నడిచిన పిల్లని, ఇక్కడికొచ్చాక పక్క సందులోని బకాలాకి పెరుగు ప్యాకెట్టు కోసం వెళ్ళడమే గొప్ప అన్నట్టు అయిపోయాను.

నవంబరులో ఎండ తగ్గాక మావారితో చెప్పాను. శుక్రవారం పొద్దున్నే నన్ను కార్నిష్‌లో దింపండి, రెండున్నర గంటల తర్వాత ఫోన్ చేస్తాను అని. "ఒక్కదానివేనా?" అన్నారు. "ఒక్కదాన్నే" అన్నాను.

మొదటి శుక్రవారం: కొత్త వాటర్‌ఫ్రంట్

జెద్దాలో కార్నిష్ అంటే ఒక వీధి కాదు. ఎర్రసముద్రం ఒడ్డున కిలోమీటర్ల కొద్దీ సాగే తీరం. అంతా ఒకే దారిగా నడవలేం. మధ్యలో హోటళ్ళు, ప్యాలెస్ గోడలు, సొంత ఆస్తులు అడ్డొస్తాయి. అందుకే నేను ముక్కలు ముక్కలుగా నడిచాను.

నడవడానికి అన్నిటికంటే సుళువైన ముక్క ఉత్తర కార్నిష్‌లో ఉన్న జెద్దా వాటర్‌ఫ్రంట్. 2017 నవంబరులో తెరిచారు. పొడవు 4.2 కిలోమీటర్లు. నేను వచ్చిన కొత్తల్లో ఇక్కడ ఏళ్ళ తరబడి కంచెలూ తవ్వకాలే కనబడేవి. ఇప్పుడు నడకదారి వేరు, సైకిల్ దారి వేరు. పిల్లల ఆటస్థలాలు, ఇసుక తెచ్చి పోసిన చిన్న బీచ్‌లు, నీళ్ళలోకి పొడుచుకుని వెళ్ళే గాలాల వంతెన ఉన్నాయి. టిక్కెట్టు లేదు.

ఫజర్ నమాజు అయిన కాసేపటికి దిగాను. రాత్రి జనం వదిలివెళ్ళిన పొద్దుతిరుగుడు గింజల తొక్కలు ఇంకా ఊడుస్తున్నారు. జెద్దా కార్నిష్ పిల్లుల సామ్రాజ్యం. గాలం వేసుకున్న ప్రతి పెద్దాయన పక్కనా వాటా కోసం ఒకటో రెండో కూర్చుని ఉన్నాయి. ట్రాక్ సూట్లలో పరుగెత్తుతున్న సౌదీ అమ్మాయిలు నన్ను దాటి వెళ్ళారు. వాళ్ళలో ఒకమ్మాయి తనే కారు నడుపుకుని వచ్చి పార్క్ చేయడం చూశాను. ఆడవాళ్ళ డ్రైవింగ్‌కి ఇక్కడ అనుమతి వచ్చింది 2018 జూన్ 24న. నేను మాత్రం పాత అలవాటుకొద్దీ చుడీదార్ మీద అబాయా తొడుక్కునే వచ్చాను. ఇప్పుడు విదేశీ ఆడవాళ్ళకి అది తప్పనిసరి కాదు. కానీ తొమ్మిదేళ్ళ అలవాటు ఒక్క పొద్దున్నలో పోదు.

ఇక్కడ ఒక తికమక ఉంది. విశాఖలో పెరిగినవాళ్ళకి సూర్యుడు సముద్రంలోంచి పుట్టాలి. జెద్దాలో సముద్రం పడమర. సూర్యుడు వెనక భవనాల మీంచి లేచి నీళ్ళని మెల్లగా వెలిగిస్తాడు. మొదట ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చ, ఆ వెనక ఒక్కసారిగా ముదురు నీలం. ఆ గీత దాకా పగడపు దిబ్బ, దాని తర్వాత లోతు. కారు అద్దంలోంచి రాత్రిపూట ఈ గీత ఎప్పుడూ కనబడలేదు.

ఒక కిలోమీటరు నడిచాక అమ్మకి ఫోన్ చేశాను. మాట్లాడుతుంటే పక్కన ఊడుస్తున్న ఆయన ఆగి చూశాడు. ఫోన్ పెట్టేశాక, "అక్కా, తెలుగోళ్ళా?" అన్నాడు.

"అవునండీ. వైజాగ్."

"మాది జగిత్యాల దిక్కు. నాలుగేండ్ల సంది ఈడనే జేస్తున్న. పొద్దుగాల గిట్ల నడిచే తెలుగామెను ఇదే మొదలు జూసుడు."

ఇద్దరు పిల్లలట. పెద్దది మా పాప ఈడుదే. రోజూ డ్యూటీ దిగే ముందు ఇంటికి వీడియో కాల్ చేస్తాడట. "ఫోన్‌ల సముద్రం జూపిస్త. నువ్వు మంచిగ సముద్రం పక్కన ఉన్నవ్ అంటది మా ఇంటామె. చీపురు మాత్రం జూపియ్య" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాతోపాటు ఇంటిదాకా వచ్చింది.

రెండో శుక్రవారం: నీళ్ళ మీది మసీదు

ఇంకా ఉత్తరంగా వెళ్తే అల్ రహ్మా మసీదు. 1985లో కట్టారు. సముద్రంలో స్తంభాల మీద నిలబడి ఉంటుంది కాబట్టి అందరూ తేలే మసీదు అంటారు. ఉమ్రాకి వచ్చిన ఇండోనేషియా, మలేషియా యాత్రికుల బస్సులు పొద్దున్నే వచ్చి ఆగుతాయి. ఒకే రంగు బట్టల్లో గుంపుగా దిగి ఫొటోలు తీసుకుంటారు.

నేను అక్కడ రాళ్ళ మీద కూర్చుని ఒక విషయం గమనించాను. గంటన్నర కూర్చున్నా నీటి గీత కదల్లేదు. స్తంభాల మీద నాచు మచ్చ ఎక్కడుందో నీళ్ళూ అక్కడే. విశాఖలో ఆటుకీ పోటుకీ మధ్య మీటరు పైగా తేడా వస్తుంది. పోటు వేళ ఏ మెట్టు దాకా నీళ్ళొస్తాయో మా నాన్నగారు చూడకుండా చెబుతారు. ఇక్కడ సముద్రానికి ఆ ఊపిరి లేదా?

ఇంటికొచ్చి చదువుకున్నాను. బీఎస్సీ ఫిజిక్స్ చదివిన బుర్ర ఇన్నాళ్ళకి పనికొచ్చింది. ఎర్రసముద్రం పొడవైన సన్నటి తొట్టి లాంటిది. ఒక పొడవాటి పళ్ళెంలో నీళ్ళు పోసి నెమ్మదిగా ఊపి చూడండి. రెండు చివర్లా నీళ్ళు లేస్తాయి, దిగుతాయి. మధ్యలో మట్టం దాదాపు కదలదు. ఉయ్యాలబల్ల మధ్యలో కూర్చున్న పిల్లకి ఊపు తెలియనట్టే. జెద్దా, ఎదురుగా సూడాన్ తీరంలో పోర్ట్ సూడాన్, ఆ మధ్య భాగం దగ్గర ఉన్నాయి. అందుకే ఇక్కడ రోజువారీ ఆటుపోట్లు చాలా తక్కువ. దానికి బదులు ఏడాదికోసారి పెద్ద ఊపిరి ఉంది. చలికాలంలో మట్టం ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ. గాలుల దిశ మారడం, నీళ్ళు ఆవిరైపోవడం అందుకు కారణాలు.

ఈ సముద్రంలోకి నిత్యం పారే నది ఒక్కటీ లేదు. ఆవిరవడం మాత్రం ఏడాదికి సుమారు రెండు మీటర్లు. గోదావరీ కృష్ణా వచ్చి కలిసే మన బంగాళాఖాతం వానాకాలంలో పైపైన ఉప్పు తగ్గుతుంది. ఇక్కడ ఏడాది పొడవునా ఉప్పు ఎక్కువే. మామూలు సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల దాకా ఉంటే ఇక్కడ 40కి దగ్గర. మనం ఇక్కడ కుళాయి తిప్పితే వచ్చేది ఈ ఉప్పు తీసేసిన నీళ్ళే. అన్నం కడిగిన నీళ్ళు పారబోసేటప్పుడు ఈ లెక్క గుర్తొచ్చి ఇప్పుడు వాటిని కరివేపాకు కుండీకి పోస్తున్నాను.

మూడో శుక్రవారం: బొమ్మలు, ఫౌంటెన్

మధ్య కార్నిష్‌లో బయట ఆరుబయటే ఒక శిల్పాల మ్యూజియం ఉంది. 1970లు, 80లలో జెద్దా మేయరుగా ఉన్న మొహమ్మద్ సయీద్ ఫార్సీ, ఊరు పెట్రోలు డబ్బుతో పెరుగుతున్న రోజుల్లో ప్రపంచంలోని పేరున్న శిల్పులచేత పనులు చేయించి వీధుల్లో, ఒడ్డు వెంబడి పెట్టించారు. హెన్రీ మూర్, అలెగ్జాండర్ కాల్డర్, హువాన్ మీరో చేసినవి ఉప్పుగాలికి నిలబడి ఉన్నాయి. తర్వాత వాటిలో కొన్నిటిని బాగుచేయించి ఒక్కచోట చేర్చారు. మనిషి రూపం ఉన్న విగ్రహాలు మాత్రం కనబడవు. ఇస్లాం సంప్రదాయం ప్రకారం వంపులూ, ఆకారాలూ, అక్షరాలూ మాత్రమే.

మనూళ్ళో బీచ్ రోడ్డు నిండా మహానుభావుల విగ్రహాలు చూసి పెరిగిన కంటికి ఇది మొదట ఖాళీగా అనిపిస్తుంది. మూర్ చేసిన పెద్ద కంచుముద్ద చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఒక వైపునుంచి ఎముకలా, ఇంకో వైపునుంచి కదురులా ఉంది. పేరు చూస్తే నిజంగానే కదురు. దాని పక్కన ఒక చంటిబిడ్డ తల్లి బండి ఆపి పాలసీసా కలుపుతోంది. మ్యూజియంలో ఇలా ఉండగలమా?

ఇంకా దక్షిణంగా కింగ్ ఫహద్ ఫౌంటెన్. 1985 నుంచి పనిచేస్తోంది. సముద్రపు నీటినే పీల్చి సుమారు 260 మీటర్ల ఎత్తుకి చిమ్ముతుంది. అంటే నాలుగున్నర చార్మినార్లు ఒకదాని మీద ఒకటి. జెనీవా సరస్సులోని ఫౌంటెన్ దీనికి స్ఫూర్తి అంటారు, కానీ ఎత్తులో ఇది దాన్ని ఎప్పుడో దాటేసింది. నీరు గొట్టం దాటే వేగం గంటకు 375 కిలోమీటర్లని చెబుతారు.

పాప ఈసారి నాతో వచ్చింది. తనకి సైన్సు అంటే బోరు. "ఒక లెక్క చేద్దామా?" అన్నాను. గంటకు 375 కిలోమీటర్లంటే సెకనుకి సుమారు 104 మీటర్లు. గాలి లేకపోతే ఆ వేగంతో పైకి విసిరింది ఎంతెత్తు వెళ్ళాలి? వేగాన్ని వేగంతో గుణించి, గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించాలి. ఫోన్‌లో చేసింది. సుమారు 550 మీటర్లు.

"మరి సగమే వెళ్తోందేంటమ్మా?"

"మిగతా సగం గాలి తినేసింది. నీళ్ళు చుక్కలుగా విడిపోయి గాలిని తోసుకుంటూ వెళ్ళాలి కదా."

కొంచెంసేపు పైకి చూసి, "ఇది మా టీచరు ఇలా చెప్పలేదు" అంది. నేను డిగ్రీలో ఈ లెక్క కాగితం మీద ఎన్నిసార్లు చేశానో. మార్కులొచ్చాయి, సర్టిఫికెట్టు వచ్చింది, అది పెట్టెలో అడుగుకి చేరింది. నా ఇకామా కార్డులో నా గుర్తింపు మావారి మీద ఆధారపడ్డ భార్యగానే. ఆ పొద్దున్న మాత్రం గాలి తిరిగి మా ఇద్దరి మీదా ఉప్పు తుంపర పడుతుంటే, నా చదువు ఎక్కడికీ పోలేదనిపించింది.

నాలుగో శుక్రవారం: సముద్రం వెళ్ళిపోయిన ఊరు

చివరికి మొదటికి వచ్చాను. ఈ తీరమంతా మొదలైంది అల్ బలద్ నుంచి. జెద్దా పాత ఊరు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పగడపు దిబ్బల్లోంచి తీసిన రాళ్ళతో కట్టిన ఇళ్ళు, వాటికి రోషన్లనే చెక్క జాలీ కిటికీలు. లోపలి ఆడవాళ్ళకి బయట కనబడుతుంది, బయటివాళ్ళకి లోపల కనబడదు. గాలి మాత్రం ఇద్దరికీ ఆడుతుంది. ఆ టేకు చెక్కలో చాలా భాగం హిందూ మహాసముద్రం దాటి మన వైపునుంచే వచ్చింది.

ఒకప్పుడు సముద్రం ఈ ఇళ్ళ దాకా ఉండేది. ఊరి చుట్టూ గోడ ఉండేది, 1947లో కూల్చేశారు. ఆ తర్వాత ఊరు ఉత్తరానికీ, నీళ్ళు పూడ్చుకుంటూ పడమరకీ పెరిగింది. బాబ్ అల్ బంత్ దగ్గర ఓడల్లో వచ్చిన హాజీలు దిగేవారు. బొంబాయిలో ఓడెక్కిన మన హైదరాబాదు, కర్నూలు యాత్రికులూ ఈ ఊరి మీదుగానే మక్కా వెళ్ళి ఉంటారు. మన దేశం నుంచి హజ్ ఓడలు 1995లో ఆగిపోయాయి. ఇప్పుడు అక్కడ నిలబడితే ముందు ఒక మడుగూ, రోడ్లూ కనబడతాయి. అసలు సముద్రం దూరంగా జరిగిపోయింది.

సందుల్లోంచి నడుస్తూ నసీఫ్ ఇంటి ముందుకు చేరాను. 1881లో పూర్తయిన ఇల్లు. 1925 చివర్లో జెద్దాలో అడుగుపెట్టిన రాజు అబ్దుల్ అజీజ్ ఇక్కడే బస చేశారు. దీన్ని చెట్టున్న ఇల్లు అనేవారట, ఎందుకంటే చాలా కాలం జెద్దా మొత్తానికి ఆ ఒక్క చెట్టే ఉండేదని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఏమిటో తెలుసా? వేప! అరబ్బులు కూడా నీమ్ అనే అంటారు. మన ఉగాది పచ్చడి చెట్టు, ఎడారి ఊళ్ళో చిరునామా అయి నిలబడింది. తొమ్మిదేళ్ళుగా ఎండబెట్టిన వేపపువ్వు కోసం అమ్మకి పార్సిల్ పంపమని చెబుతూనే ఉన్నాను. ఇక్కడ అరగంట దూరంలో ఇంత చెట్టు.

అక్కడే ఇంకో సంగతీ చెప్పాలి. ఈ తీరం మార్పు ఇంతటితో ఆగదు. 2021 డిసెంబరులో జెద్దా సెంట్రల్ ప్రాజెక్టు ప్రకటించారు. 75 వందల కోట్ల రియాళ్ళు, 9.5 కిలోమీటర్ల తీరం, ఒపెరా హౌస్, మ్యూజియం, స్టేడియం, ఓషనేరియం. అదే రోజుల్లో ఊరి దక్షిణ, మధ్య భాగాల్లో ఎన్నో పాత బస్తీలు కూల్చారు. వాటిలో ఎక్కువగా ఉండేది తరాలుగా స్థిరపడ్డ పరదేశీయులు. నాకు జాకెట్లు కుట్టే హైదరాబాదీ ఆంటీ అలాంటి ఒక బస్తీలో ఉండేవారు. కొలత జాకెట్టు ఇస్తే చాలు, చేతి పొడవు దగ్గర ఒక్క కుట్టు తేడా వచ్చేది కాదు. ఒకరోజు వెళ్తే గోడ మీద ఎర్ర రంగుతో అక్షరాలు. తర్వాతి నెలలో ఆ సందే లేదు. ఆమె నంబరు పనిచేయడం లేదు. నా కొలత జాకెట్టు ఒకటి ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది.

కొత్త వాటర్‌ఫ్రంట్ నాకు ఇష్టం. అక్కడ నేను మొదటిసారి ఒంటరిగా నడిచాను, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ ఏ ఒడ్డునైనా అందంగా చూసినప్పుడు, అంతకు ముందు అక్కడ ఎవరున్నారో, ఇప్పుడు దాన్ని ఎవరు ఊడుస్తున్నారో అనే ప్రశ్న కూడా నా వెంటే నడుస్తోంది.

మీరు వస్తే

నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. ఎండాకాలంలో పొద్దున్న కూడా ఉక్కపోత నిలవనివ్వదు. లీటరు నీళ్ళు, మంచి బూట్లు, టోపీ. ప్యాలెస్‌ల వైపు, భద్రతా సిబ్బంది వైపు, అడగకుండా మనుషుల వైపు కెమెరా తిప్పకండి. బలదులో రాళ్ళ మెట్లు, ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి పిల్లల బండి కష్టం. సాయంత్రం వస్తే బలీలా తప్పకుండా తినండి. ఉడికించిన శనగల మీద ఊరగాయ ముక్కలు, జీలకర్ర, వెనిగర్ వేసి ఇస్తారు. మన గుగ్గిళ్ళకి దూరపు చుట్టం.

ఆఖరి శుక్రవారం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మావారు కారు ఆపి దిగారు. ఫోన్ చూసుకుంటూ కూర్చోలేదు. ఇద్దరం వేపచెట్టు దాకా మళ్ళీ నడిచాం. తిరిగి వస్తూ అన్నారు, "మీరెళ్ళాక నేనూ ప్రతి శుక్రవారం నడుస్తాలే. వీడియో కాల్‌లో నీకు సముద్రం చూపిస్తా."

"సముద్రం ఒక్కటే కాదు" అన్నాను. "వంటింట్లో కడగని గిన్నెలు, జ్వరం వచ్చిన రోజు మీ మొహం, అన్నీ చూపించాలి."

ఆయనకి అర్థం కాలేదు. జగిత్యాల తమ్ముడి సంగతి అప్పుడు చెప్పాను. కారు దాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తలుపు తీసి, "సరే" అన్నారు.